ర్యాకు ఎత్తు కంటే ముందు నీళ్ళ లెక్క

భోగాపురం, పూసపాటిరేగ, పైడిభీమవరం, రణస్థలం, చిలకపాలెం. జాతీయ రహదారి మీద విజయనగరం జిల్లా నుంచి శ్రీకాకుళం వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా రేకుల షెడ్లు లేస్తున్నాయి. విమానాశ్రయం మాట వచ్చినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల భూమి ఉన్న చాలామంది ఆలోచన ఒకటే: షెడ్డు వేసి ఏదైనా కంపెనీకి గోదాముగా అద్దెకిచ్చేద్దాం. మంచి ఆలోచనే. కొబ్బరి, జీడి, సరుగుడు మీద బతికిన ఊళ్ళకి నెలనెలా అద్దె రావడం చిన్న సంగతి కాదు.

నేను ఈ షెడ్లకి స్ప్రింక్లర్ వ్యవస్థలు, అంటే మంట వేడికి తెరుచుకుని కప్పు నుంచి నీళ్ళు చిమ్మే పైపులు, డిజైన్ చేసే పనిలో ఉన్నాను. మాది విజయనగరమే. ఈ వ్యాసం షెడ్డు కడుతున్నవాళ్ళ కోసం, కట్టాలనుకుంటున్నవాళ్ళ కోసం. వాళ్ళకి డబ్బు కలిసొచ్చే దారీ, ప్రమాదం తప్పే దారీ ఒకటేనని నా నమ్మకం. కాకపోతే ఆ దారిలో నడవాలంటే పనుల వరస మార్చుకోవాలి.

ఇప్పుడు జరుగుతున్న వరస ఇది. యజమాని మొదట స్థలం చూసుకుంటాడు. ఫ్యాబ్రికేటర్‌తో మాట్లాడి షెడ్డు ఎత్తు ఖాయం చేస్తాడు. ర్యాకులమ్మే కంపెనీ మనిషి వచ్చి ఈ ఎత్తులో ఐదు అరలు పడతాయి, ఇన్ని ప్యాలెట్లు (సరుకు పేర్చి ఎత్తే పలకలు) పడతాయి అని కాగితం మీద చూపిస్తాడు. అంతా అయ్యాక, అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టే ముందు, నాలాంటివాణ్ణి పిలిచి "స్ప్రింక్లర్లు కూడా వేసెయ్యండి" అంటారు. అప్పటికి నీళ్ళ ట్యాంకుకి మిగిలేది ప్రహరీ మూల ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక ముక్క. నేను అడిగేదల్లా ఈ వరస తిరగెయ్యమని. ముందు ఏ సరుకు పెడతారో తేల్చుకోవాలి. అది అంటుకుంటే ఆపడానికి నిమిషానికి ఎన్ని నీళ్ళు కావాలో, అన్ని నీళ్ళు మన దగ్గర ఉంటాయో లేదో చూసుకోవాలి. ఆ రెండూ ఒప్పుకున్న ఎత్తుకే ర్యాకు కొనాలి.

ఎందుకంటే ర్యాకులో మంట, నేల మీద బస్తాల నెట్టులో మంట ఒకటి కావు. నెట్టులో బస్తాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, గాలి లోపలికి పోదు, మంట పైపైనే పాకుతుంది. ర్యాకులో ప్రతి ప్యాలెట్ చుట్టూ గాలి ఉంటుంది. ప్యాలెట్‌కీ ప్యాలెట్‌కీ మధ్య, ముందు వరసకీ వెనక వరసకీ మధ్య, నేల నుంచి పైదాకా ఒక సందు ఉంటుంది. కింది అరలో నిప్పు పుడితే ఆ సందు పొయ్యి గొట్టంలా పనిచేస్తుంది. అటూ ఇటూ ఉన్న అట్టపెట్టెలు ఒకదాని వేడి ఒకటి పెంచుకుంటాయి. ప్లాస్టిక్ సరుకైతే నిమిషం, రెండు నిమిషాల్లో మంట పై అరకి చేరుతుంది. పైకప్పు దగ్గర స్ప్రింక్లర్ తెరుచుకునే సరికి కింది నుంచి వేడిగాలి అంత వేగంగా ఎగదన్నుతుంటుంది కాబట్టి సన్నటి నీటి బొట్లు మంట దాకా దిగవు. సగం దారిలోనే ఆవిరైపోతాయి, లేదా పక్కకి కొట్టుకుపోతాయి.

అందువల్ల "స్ప్రింక్లర్లు ఉన్నాయా?" అన్నది సరైన ప్రశ్న కాదు. ఎంత నీరు, ఎంత పెద్ద బొట్టు, ఎంత త్వరగా అన్నవి అడగాలి.

లెక్కలోకి వెళ్దాం. మన దేశంలో స్ప్రింక్లర్లకి ఐఎస్ 15105 అనే ప్రమాణం ఉంది. అందులో సాధారణ ప్రమాదం తరగతికి చదరపు మీటరుకి నిమిషానికి 5 లీటర్ల నీరు, 360 చదరపు మీటర్ల మేర. అంటే నిమిషానికి 1,800 లీటర్లు. చాలా షెడ్లలో నాకు కనిపించే డ్రాయింగులు ఈ లెక్క మీదే ఉంటాయి. చిన్న వర్క్‌షాపుకీ, మామూలు ఫ్యాక్టరీకీ అది సరిపోతుంది.

ఇప్పుడు 9 మీటర్ల ఎత్తు షెడ్డులో 7.6 మీటర్ల దాకా ర్యాకుల్లో సరుకు పెట్టారనుకోండి. దానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడేది ఈఎస్‌ఎఫ్‌ఆర్ అనే రకం. మంట చిన్నగా ఉన్నప్పుడే తెరుచుకుని, పెద్ద బొట్లతో దాన్ని అక్కడికక్కడే అణిచేసేలా 1980లలో అమెరికాలోని ఫ్యాక్టరీ మ్యూచువల్ పరిశోధకులు తయారుచేసిన హెడ్ (పైపు చివర నీరు చిమ్మే మూతి) అది. దాని కె-ఫ్యాక్టర్, అంటే హెడ్ ఎంత నీరు వదలగలదో చెప్పే అంకె, 200. ఈ ఎత్తుకి ఒక్కో హెడ్ దగ్గర 3.4 బార్ ఒత్తిడి ఉండాలని ఎన్‌ఎఫ్‌పీఏ 13 అనే అమెరికా ప్రమాణం చెబుతుంది. హెడ్ నుంచి వచ్చే నీరు కె-ఫ్యాక్టర్‌ని ఒత్తిడి వర్గమూలంతో గుణిస్తే వస్తుంది. 3.4కి వర్గమూలం 1.84 చిల్లర. అంటే ఒక్క హెడ్ నుంచి నిమిషానికి దాదాపు 370 లీటర్లు. ఒక హెడ్ కాపాడేది ఎక్కువలో ఎక్కువ 9.3 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకి 40 లీటర్లు.

5 లీటర్లు ఎక్కడ, 40 లీటర్లు ఎక్కడ? ఎనిమిది రెట్లు. రెండూ చూడ్డానికి ఎర్ర పైపులే, రెండిటికీ చివర ఇత్తడి హెడ్లే. కింద నిలబడి చూసే యజమానికి తేడా కనపడదు.

"చిన్న హెడ్లే ఉంచి పంపు పెద్దది పెడదాం" అని ఒక కాంట్రాక్టరు నాతో వాదించాడు. మామూలు హెడ్ కె-ఫ్యాక్టర్ 80. దాని నుంచి 370 లీటర్లు రావాలంటే హెడ్ దగ్గర 21 బార్ కావాలి. మామూలుగా ఈ హెడ్లు తట్టుకునేదే 12 బార్. పైగా చిన్న రంధ్రంలోంచి అంత ఒత్తిడితో వచ్చే నీరు పొగమంచులా చిమ్ముతుంది. ర్యాకు మంటకి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇక ట్యాంకు. ఈఎస్‌ఎఫ్‌ఆర్‌లో 12 హెడ్లు ఒకేసారి తెరుచుకుంటాయని లెక్క వేస్తారు. 12 ఇంటూ 370, సుమారు 4,400 లీటర్లు నిమిషానికి. ఫైర్ సిబ్బంది గొట్టాల కోసం ఇంకో 950 కలపాలి. గంట పాటు నడవాలి. మొత్తం 3 లక్షల 20 వేల లీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్లకి పైగా లోతు ఉన్న తొట్టె. పైపుల్లో నష్టాలు కలిపితే ఇంకా పెరుగుతుంది. మన అగ్నిమాపక శాఖ బండి ఒకటి మోసుకొచ్చే నీళ్ళు సుమారు నాలుగున్నర వేల లీటర్లు. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో ఆ బండి హైవే మీద ఎంత వేగంగా వచ్చినా, అందులో ఉన్నది ఈ పన్నెండు హెడ్లకి ఒక నిమిషం నీరు. వాళ్ళ ధైర్యం గురించి నాకే అనుమానమూ లేదు. లెక్క మాత్రం లెక్కే. ర్యాకు గోదాముని కాపాడవలసిన నీరు గోదాము ఆవరణలోనే ఉండాలి.

సరుకు సంగతి. ఎన్‌ఎఫ్‌పీఏ సరుకుల్ని ఒకటి నుంచి నాలుగు తరగతులుగా, ఆపైన ప్లాస్టిక్‌లుగా విడదీస్తుంది. కాలని వస్తువు అట్టపెట్టెలో ఉంటే మొదటి, రెండో తరగతి. బట్ట, కాగితం, చెక్క, తిండి సరుకులు మూడోది. వాటిలో కొంత ప్లాస్టిక్ కలిస్తే నాలుగోది. పాలిథిన్, పాలీప్రొపిలీన్, థర్మోకోల్ లాంటివి అన్నిటికంటే పైన, ‘ఎ’ గ్రూపు ప్లాస్టిక్‌లు. వస్తువు ఒక్కటే చూస్తే సరిపోదు, దేంట్లో పెట్టారు, దేని మీద పెట్టారు అన్నదీ లెక్కే. చెక్క ప్యాలెట్ తీసి ప్లాస్టిక్ ప్యాలెట్ పెడితే అదే సరుకు ఒకటో రెండో తరగతులు పైకి పోతుంది. ఈ ఒక్క మార్పు ఎవరికీ చెప్పకుండా జరిగిపోవడం చాలా చోట్ల చూశాను. చెక్క ప్యాలెట్లకి చెద పడుతోందని ప్లాస్టిక్‌వి తెప్పిస్తారు. స్ప్రింక్లర్ డిజైన్ మాత్రం పాతదే.

మా పెద్దమ్మ కొడుకు కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. పలాస రోడ్డులో సొంత స్థలంలో కొత్త గోదాము వేస్తూ, పాతిక అడుగుల ర్యాకులకి కొటేషన్ తెప్పించుకుని నాకు చూపించాడు.

"తమ్ముడూ, ర్యాకులు సరే, పైన ఈ నీళ్ళ గొట్టాలేటి? పప్పు మీద చుక్క పడితే లాటంతా పోద్ది కదా."

ఈ భయం మా అన్నయ్య ఒక్కడిదే కాదు. సినిమాల్లో ఒక అగ్గిపుల్ల గీస్తే భవనమంతా వాన కురుస్తుంది. అసలు హెడ్లు అలా పనిచేయవు. ప్రతి హెడ్‌లో ఒక గాజు బుడ్డీ గానీ, కరిగే లోహపు ముక్క గానీ ఉంటుంది. దాని దగ్గర గాలి వేడెక్కితేనే అది తెరుచుకుంటుంది, పక్కది తెరుచుకోదు. చాలా మంటలు నాలుగైదు హెడ్లతోనే అదుపులోకి వస్తాయి. నాలుగు ప్యాలెట్ల పప్పు తడవడం నష్టమే. షెడ్డు మొత్తం పొగ పట్టిన పప్పు ఎవరు కొంటారని అడిగాను. దానికి అన్నయ్య దగ్గర జవాబు లేదు.

తర్వాత సరుకు ఏమేమిటో కూర్చుని రాశాం. ఇక్కడే నాకు ఈ వృత్తి మీద ఇష్టం పెరుగుతుంది, ఎందుకంటే యజమాని తన గోదాముని కొత్త కళ్ళతో చూడ్డం మొదలుపెడతాడు. రేకు డబ్బాల్లో పోసి అట్టపెట్టెల్లో పెట్టిన పప్పు: కింది తరగతి, పెద్ద భయం లేదు. ప్లాస్టిక్ కవర్లలో వ్యాక్యూమ్ చేసి అట్టపెట్టెల్లో పెట్టిన పప్పు: మూడు, కవర్లు మందమైతే నాలుగు. ఎనభై కిలోల గోనె బస్తాల్లో జీడి పిక్కలు: మూడు. పిక్క తొక్కలో నూనె ఉంటుంది, అది బాగా మండుతుంది. అందుకే ఒలిచిన తొక్క గుట్టని గోదాము గోడకి చేర్చి పోయకూడదు. ఇంతవరకూ అన్నయ్య ఊహించినవే. తర్వాత నేను అడిగినవి అతని లెక్కలో లేనివి. పండగ సీజనుకి ముందు తెచ్చి పెట్టుకునే ఖాళీ ప్లాస్టిక్ జాడీలు, ప్యాకింగు ఫిల్ము చుట్టలు, ఖాళీ ప్యాలెట్లు. వాటిని పై అరల్లో పెడదామనుకున్నాడు, తేలిక కాబట్టి. ఆ గోదాములో అన్నిటికంటే ప్రమాదకరమైన సరుకు అదే. ఖాళీ జాడీ అంటే ప్లాస్టిక్, దాని చుట్టూ గాలి. ఖాళీ ప్యాలెట్ల దొంతర అంటే ఎండిన చెక్క, అరంగుళం అరంగుళం సందులతో. గోదాములో ఉన్న అత్యంత చెడ్డ సరుకుకి తగ్గట్టు మొత్తం వ్యవస్థని డిజైన్ చేయాలి, లేకపోతే ఆ సరుకుని వేరు చేయాలి. రెండోదే చవక.

జాడీలూ ఫిల్మూ పక్కన చిన్న గదిలో నేల మీద, మనిషి ఛాతీ ఎత్తు దాటకుండా. ప్లాస్టిక్‌కి ఎన్‌ఎఫ్‌పీఏ గీత 1.5 మీటర్ల దగ్గర గీస్తుంది, అది దాటితే ఎత్తైన నిల్వ కిందే లెక్క. ఖాళీ ప్యాలెట్లు బయట, గోడకి దూరంగా, ఒక చిన్న రేకు కింద. పిక్కల బస్తాలు పాత పద్ధతిలోనే నేల నెట్టు. ర్యాకుల్లోకి పప్పు పెట్టెలు మాత్రమే. అలా చూస్తే అన్నయ్యకి పాతిక అడుగులు అవసరమే లేదు. అతనికి వెనక ఇంకా స్థలం ఉంది. మూడు అరలు, పన్నెండు అడుగుల లోపు ర్యాకు, షెడ్డు కొంచెం పొడవు. ఆ ఎత్తులో, ఆ తరగతి సరుకుకి పెద్ద బొట్ల వ్యవస్థ అక్కర్లేదు. మామూలు హెడ్లు సరిపోతాయి. మరీ 5 లీటర్ల లెక్క కాదు గానీ, 40 దరిదాపుల్లోకి కూడా పోదు. ర్యాకుల మీద మిగిలిన డబ్బుతో డీజిల్ పంపు వచ్చింది.

కాశీబుగ్గలో డీజిల్ పంపు ఎందుకని ఎవరూ అడగరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, స్తంభాలు పడిపోయి ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉన్నాయి. 2014లో హుద్‌హుద్ అంతే. మన తీరంలో కరెంటు పంపు ఒక్కదాన్నే నమ్ముకున్న స్ప్రింక్లర్ వ్యవస్థ, తుఫాను తర్వాత జనరేటర్లూ కొవ్వొత్తులూ తాత్కాలిక వైర్లూ వాడే ఆ వారం రోజులు పనిచేయదు. నిప్పు అంటుకునే అవకాశం ఎక్కువ ఉండేది సరిగ్గా అప్పుడే. కరెంటు పంపుకి తోడు అంతే సామర్థ్యం ఉన్న డీజిల్ పంపు, పైపుల్లో ఒత్తిడి నిలబెట్టే చిన్న జాకీ పంపు ఉండాలి. ఇందులో బేరం వద్దు.

అందరికీ అన్నయ్య పరిష్కారం నప్పదు. భోగాపురం దగ్గర హైవే పక్కన భూమి కొని షెడ్డు వేసేవాళ్ళకి అడుగడుగూ ఖరీదే. ఎత్తు తగ్గించుకోమంటే వినరు, వినక్కర్లేదు కూడా. అద్దెకి ఎవరు వస్తారో, ఏ సరుకు పెడతారో వాళ్ళకి ముందే తెలియదు. వాళ్ళకి నేను చెప్పేది ఈఎస్‌ఎఫ్‌ఆరే. ర్యాకుల లోపల పైపులు ఉండవు కాబట్టి అద్దెదారు మారితే ర్యాకులు ఊడదీసి ఇంకోలా పెట్టుకోవచ్చు. అట్టపెట్టెల్లో ఉన్న ప్లాస్టిక్ సరుకుని కూడా అది అణచగలదు. కాకపోతే అది గారాబంగా పెరిగిన వ్యవస్థ, దానికి షరతులెక్కువ. పైకప్పు వాలు ఆరుకి ఒకటి మించకూడదు. కొత్త రేకుల షెడ్లకి ఇది పెద్ద ఇబ్బంది కాదు గానీ, నిటారు కప్పులున్న పాత షెడ్లలో వేయలేం. కె-200 హెడ్ కప్పుకి 150 నుంచి 350 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. దాని కింద దూలం, లైటు, డక్టు, పెద్ద ఫ్యాను, ఏదడ్డొచ్చినా నీటి ధార విరుగుతుంది, ఆ విరిగిన చోట కింద మంట పెరుగుతుంది. సరుకు పై అంచుకీ హెడ్‌కీ మధ్య 900 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. అందుకే షెడ్డు స్టీలు డ్రాయింగు ఖాయం కాకముందే స్ప్రింక్లర్ మనిషిని పిలవాలి.

మూడో దారి ర్యాకుల లోపలే హెడ్లు పెట్టడం. పాత షెడ్లకీ, మరీ ఎత్తైన ర్యాకులకీ, రకరకాల సరుకు కలిసి ఉండే చోటికీ నాకు ఇదంటే గౌరవం. మంట ఎక్కడ పుడుతుందో నీరు అక్కడే ఉంటుంది. పై నుంచి దిగి రావలసిన పని లేదు. యజమానులు దీన్ని ఇష్టపడకపోవడానికి కారణాలు నిజమైనవే. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ప్యాలెట్ తోసినప్పుడు హెడ్‌కి తగిలితే అది విరుగుతుంది, నీరు కారుతుంది. ర్యాకు జరపాలంటే ప్లంబరు రావాలి. హెడ్‌కి గార్డు వేసి, అర దూలం చాటున సందులో పెడితే దెబ్బలు చాలావరకు తప్పుతాయి. దీనివల్ల నీళ్ళు ఆదా అని చెప్పేవాళ్ళ మాట మాత్రం సగమే నిజం. పంపు చిన్నదవుతుంది. కానీ మంటని అణచకుండా అదుపులో ఉంచే పద్ధతుల్లో గంట కాదు, గంటన్నర, రెండు గంటలకి నీరు నిల్వ ఉంచమంటారు. ఫైర్ గొట్టాలకి వదిలే నీరూ ఎక్కువే. ట్యాంకు చిన్నదవుతుందని ఆశపడకండి.

మన ఎండ గురించి కూడా చెప్పాలి, దీన్ని విదేశీ డ్రాయింగులు కాపీ కొట్టేవాళ్ళు పట్టించుకోరు. ఎర్ర గాజు బుడ్డీ ఉన్న 68 డిగ్రీల హెడ్‌ని కప్పు దగ్గర గాలి 38 డిగ్రీలు దాటని చోట వాడాలన్నది నియమం. మే నెలలో మన ఊళ్ళలో బయట నీడలోనే ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. రేకు కింద సంగతి చెప్పక్కర్లేదు. రేకుల గోదాముకి 93 డిగ్రీలో, ఆ శ్రేణిలో ఇంకోటో తీసుకోవాలి, వాటికి కప్పు దగ్గర 66 డిగ్రీల దాకా అనుమతి ఉంది. లేకపోతే ఏదో ఒక మధ్యాహ్నం మంట లేకుండానే హెడ్ తెరుచుకుంటుంది. ఒకసారి అలా జరిగితే యజమాని ఇక వాల్వు మూసేసి ఉంచుతాడు. స్ప్రింక్లర్లు ఉండి కూడా పనిచేయని ప్రమాదాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనపడే కారణం, అమెరికా లెక్కల్లో అయినా, మూసేసిన వాల్వే. చలికి పైపులో నీరు గడ్డకట్టే బాధ మాత్రం మనకి లేదు. ఎప్పుడూ నీరు నిండి ఉండే తడి వ్యవస్థ చాలు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయం: ర్యాకు అరల మీద ప్లైవుడ్. చిన్న పెట్టెలు సందులోంచి జారి పడుతున్నాయని అర మొత్తం ప్లైవుడ్ పరిచేస్తారు. పైనుంచి వచ్చే నీరు ఆ పలక మీద పడి పక్కకి పోతుంది. కింద అరలో మంట గొడుగు పట్టినట్టు సురక్షితంగా ఉంటుంది. మూసేసిన అర ఉన్న చోట ఈఎస్‌ఎఫ్‌ఆర్ లెక్కలన్నీ చెల్లవు, ప్రతి అర కిందా హెడ్లు పెట్టాల్సి వస్తుంది. ఇనుప మెష్ వేయండి, సగానికి పైగా ఖాళీ ఉన్న మెష్. పెట్టెలు పడవు, నీరు దిగుతుంది. అలాగే ప్యాలెట్ల మధ్య 150 మిల్లీమీటర్ల సందు, వీపు వీపు పెట్టిన రెండు వరసల మధ్య 150 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మంట ఎక్కే దారి అదే అని ముందు చెప్పాను, నీరు దిగే దారి కూడా అదే. పైగా వేడి త్వరగా కప్పుని చేరి హెడ్ తెరుచుకోవాలన్నా ఆ సందు తెరిచి ఉండాలి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడికి ఇది ఎవరూ చెప్పరు. అతను స్థలం ఆదా చేస్తున్నాననుకుని ప్యాలెట్లు దగ్గరికి నెట్టేస్తాడు. దూలానికి ఒక ఇనుప స్టాపరు వెల్డింగు చేస్తే చాలు, అతను నెట్టినా పోదు.

విజయనగరం వైపు జూట్, గోనె సంచులు నిల్వ చేసేవాళ్ళకి ఒక్క మాట. జనపనార బేళ్ళలో నిప్పు లోపలికి పోయి రాజుకుంటూ ఉంటుంది, స్ప్రింక్లర్ దాన్ని పెరగకుండా ఆపుతుందే గాని ఆర్పేయదు. తడిసిన బేలు ఉబ్బుతుంది. గోడకి ఆనించి పేరిస్తే గోడనే తోసేస్తుంది. గోడకీ బేళ్ళకీ మధ్య మనిషి నడిచేంత దారి వదలండి.

"మన దగ్గర ఎప్పుడూ కాలలేదండీ" అనేవాళ్ళకి 1982 జూన్ 21న పెన్సిల్వేనియాలోని ఫాల్స్ టౌన్‌షిప్‌లో కాలిపోయిన కేమార్ట్ గోదాము సంగతి చెబుతుంటాను. దాదాపు 12 లక్షల చదరపు అడుగులు. అందులో స్ప్రింక్లర్లు లేవని ఎవరూ అనలేరు. ఉన్నాయి, నీళ్ళున్నాయి, అడ్డుగోడలున్నాయి. కానీ అవి మామూలు సరుకుకి డిజైన్ చేసినవి. నిల్వలో స్ప్రే డబ్బాలు చేరాయి. ఒక ప్యాలెట్ నుంచి పెట్టె జారి పడి అంటుకున్నాక, పేలిన డబ్బాలు మండుతూ షెడ్డంతా ఎగిరి పడ్డాయి, స్ప్రింక్లర్లు చేతులెత్తేశాయి. భవనం మొత్తం పోయింది. స్ప్రే డబ్బాల నిల్వకి ప్రత్యేక నియమాలు రావడానికి ఇలాంటి ప్రమాదాలే కారణం. మన హైవే గోదాముల్లో ఇప్పుడు దోమల స్ప్రేలు, సెంటు సీసాలు మామూలు సరుకుతో ఒకే ర్యాకులో కలిసి ఉంటున్నాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు కూడా వస్తున్నాయి, వాటికి పైన చెప్పిన లెక్కలేవీ వర్తించవు, వేరే గది, వేరే ఆలోచన కావాలి.

ఖర్చు గురించి నన్ను అడిగేవాళ్ళతో నేను వాదించను. పెద్ద ఖర్చే. పంపులు, ట్యాంకు, లావు పైపులు, అన్నీ కలిపితే ర్యాకుల బిల్లుతో పోటీ పడుతుంది. అందుకే ర్యాకు ఎత్తుతో మొదలుపెట్టమంటున్నాను. ఒక అర తగ్గిస్తే ఒక్కోసారి ఒక వ్యవస్థ తరగతే మారిపోతుంది. ఆ ఒక్క అరలో పెట్టే సరుకు మీద వచ్చే అద్దె, ఆ అర కోసం పెరిగే పంపూ ట్యాంకూ ఖర్చు, రెండూ పక్కపక్కన రాసుకుని చూసిన యజమానులు సగం మందికి పైగా ఎత్తు తగ్గించుకున్నారు, నేను ఒత్తిడి చేయకుండానే. మిగతావాళ్ళు తెలిసే ఎక్కువ పెట్టారు. అదీ మంచిదే. తెలియక తక్కువ పెట్టడమే నాకు భయం. ఎన్‌ఓసీ చేతికొచ్చింది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళకి నేను గుర్తుచేసేది ఒకటి ఉంది. ఆ కాగితం మీరు దరఖాస్తులో చెప్పిన సరుకుకీ, చెప్పిన ఎత్తుకీ ఇచ్చింది. చెప్పనిదానికి కాదు.

అందుకే అద్దెకిచ్చే షెడ్డయితే ఒప్పందంలోనే రాయించండి: ఏ తరగతి సరుకు వరకు, ఎన్ని మీటర్ల ఎత్తు వరకు, ఏ రకం ప్యాలెట్ల మీద, అరలు మెష్‌వి మాత్రమే. అద్దెదారు అది మార్చాలంటే ముందు డిజైనరు చేత లెక్క తిరిగి వేయించాలి. ఆ ఖర్చు అద్దెదారుదే. అవే వివరాలు, పంపు సామర్థ్యం, హెడ్ దగ్గర ఉండవలసిన ఒత్తిడి ఒక రేకు బోర్డు మీద తెలుగులో రాయించి పంపు గదిలోనూ, లోడింగు తలుపు పక్కనా కొట్టించండి. సరుకు దించే కూలీ నుంచి తనిఖీకి వచ్చే ఫైర్ ఆఫీసరు దాకా అందరికీ కనపడాలి. వాల్వులకి గొలుసు వేసి తెరిచిన స్థితిలో తాళం వేయండి. డీజిల్ పంపుని వారానికోసారి నడిపించి, ఎవరు నడిపారో పుస్తకంలో సంతకం పెట్టించండి. ట్యాంకు నీళ్ళు మొక్కలకీ, సిమెంటు పనికీ వాడకుండా ఆ ట్యాంకు నుంచి పైపు అటు పోకుండానే కట్టించండి. ఇవన్నీ షెడ్డు కట్టేటప్పుడు చేస్తే పెద్ద ఖర్చు కాదు. ర్యాకుల ఆర్డరు ఇచ్చేశాక నన్ను పిలిచినా వస్తాను, కానీ అప్పుడు నేను చెప్పేదానికి మీ దగ్గర స్థలం మిగిలి ఉండదు.